జెండా లేని రోజు

బీజింగ్‌లో విప్లవ బ్యాలేను సినిమాగా తీస్తున్న స్టూడియో. నాయిక వేషం ఇంకా తుడుచుకోని నర్తకి పైలాన్‌ను మేకప్ గదిలో నిలబెట్టి, రాజకీయ పర్యవేక్షకుడు చ్యూ అడుగుతున్నాడు.

"పొద్దుట్నుంచి ఏడుసార్లు తీశాం. ఎదురుగా ఎర్రజెండా. నీ కంట చుక్క నీళ్ళు లేవు."

"లైట్ల వేడికి కళ్ళు ఎండిపోతున్నాయి, కామ్రేడ్."

"నిన్న లేవా లైట్లు?"

"ఉన్నాయి."

"నిన్న మొదటిసారికే ఏడ్చావు. పైవాళ్ళు ఆ ముక్క చూసి, జెండాని చూస్తే ఇలా చూడాలి అన్నారు. అదే చూపు ఇంకాస్త ఎక్కువసేపు కావాలట. చెప్పు, నిన్న దేన్ని చూశావు?"

"జెండానే."

"నిన్న జెండా ఎక్కడుంది? దాని ఎరుపు ఫిల్ములో నారింజరంగు పడుతోందని మళ్ళీ అద్దకానికి పంపింది నేనే. నీ చూపు నిలవడానికి జెండా బదులు ఎవడో కర్ర ఎత్తి పట్టుకున్నాడు. ఎవడు?"

"లైట్ల వెనక చీకటి. ఎవరో మరి."

"చీపురుకర్ర అది."

"అయితే... ఊడ్చేవాళ్ళెవరో."

"ఊడ్చేవాడికి పేరు లేదా?"

"తెలిసే అడుగుతున్నారు."

"నీ నోటితో చెప్పు."

"ఔయాంగ్ మాస్టారు. పదకొండేళ్ళు నాకు నాట్యం నేర్పినాయన. వర్గశత్రువని చేతికి చీపురిచ్చారు. కర్ర పట్టుకోమన్నది కెమెరా వాళ్ళు, ఏడ్చింది నేను. నా వేషం పీకేయండి. ఆయన్ని మాత్రం..."

"సోమవారం ఉత్తరాది పొలాలకి శిక్షగా పోయేవాళ్ళ పట్టీలో వాడి పేరుంది. తెలుసా?"

"తెలిసే ఏడ్చాను. ఆ దగ్గుతో ఆ మంచులో నెల బతకరు."

"తలుపు వెయ్యి."

"ఎందుకూ?"

"వెయ్యమన్నానా... ఇప్పుడు విను. షూటింగుకి కావలసిన మనిషిని ఆ షాటు పూర్తయ్యేదాకా ఎక్కడికీ పంపకూడదని పైనుంచి ఆర్డరుంది. రేపట్నుంచి జెండా ఆయనే పట్టుకుంటారు."

"వర్గశత్రువు చేతిలో జెండానా? మీ మెడకి చుట్టుకోదూ?"

"చుట్టుకుంటే చుట్టుకోనీ. ఆయన నీ ఒక్కదానికే నేర్పారనుకున్నావా? ఈ మోకాలు విరక్కముందు నేనూ ఆయన బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణే. సోమవారం పోయేది ఈ చలికాలానికి ఆఖరి లారీ."

"రేపు ఏడుస్తాను, కామ్రేడ్. మొదటిసారికే ఏడుస్తాను."

"పిచ్చిదానా, ఆ లారీ కదిలేదాకా నీకు ఏడుపు రాకూడదు."