నలభై బోర్డు

వాన కాస్త తగ్గి తుంపర పడుతోంది. బడి దగ్గరి మలుపులో కొత్తగా పాతిన వేగపరిమితి బోర్డు పక్కన ఒకే గొడుగు కింద ఇద్దరు నిలబడ్డారు. ఆయన ఒకప్పటి లారీ డ్రైవరు. ఆమె ఆయన కూతురు, రోడ్ల శాఖలో ఇంజనీరు.

“అరవై ఉన్నదాన్ని నలభై చేయడానికి మీవాళ్ళు ఎట్లా ఒప్పుకున్నారమ్మా?”

“ఊరికే ఒప్పుకోలేదు నాన్నా. వేగం కొడితే బండి ఎంత దూరంలో ఆగుతుందో చెప్పేట్టు నా కాలిక్యులేటర్‌లో ప్రోగ్రామ్ రాశాను. పెద్దసారు చేతికిచ్చి, మీరే కొట్టి చూడండి అన్నాను.”

“ఏమొచ్చింది?”

“తడిరోడ్డు మీద అరవైకి యాభై రెండు మీటర్లు. మలుపు తిరిగాక పిల్లలు దాటే చోటికి నలభై మీటర్లే.”

“అంటే, పిల్లలు కనపడ్డాక బ్రేకు తొక్కినా ఆగదన్నమాట.”

“ఆగదు. నలభైకైతే ఇరవై ఏడు. అది చూసి పెద్దసారు సంతకం పెట్టేశారు.”

“కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపు కూడా బండి పోతూనే ఉంటుంది. అది కలిపావా?”

“ఒక సెకను కలిపాను.”

“నా వయసువాడికి ఇంకో అర సెకను వెయ్యి.”

“మీరే గుర్తొచ్చి వేసి చూశాను. ముప్పై మూడు దాటలేదు.”

ఆయన నవ్వాడు. ఇంతలో బడి వదిలారు. మలుపు తిరిగిన లారీ ఒకటి నెమ్మదించి, పిల్లలకు చాలా ఇవతలే ఆగింది. ఆయన గొడుగు వదిలేసి తడుస్తూ క్యాబిన్ దగ్గరికి నడిచాడు.

“ఏంటి పెద్దాయనా, ఎక్కడికైనా వెళ్ళాలా?”

“ఎక్కడికీ లేదు బాబూ. ఆ బోర్డు పెట్టించింది మా అమ్మాయి.”