మూటలు మోసే పిల్లగాడు

రాచర్లలో కరుణమ్మ ఇల్లు. ఆమె కొడుకు క్రాంతి కుమార్ మార్కాపురం దగ్గర పలకల గనిలో రాయి విరిగిపడి చనిపోయాడు. నిన్ననే జ్ఞాపకార్థ కూడిక జరిగింది. వాడి స్నేహితుడు తరుణ్ గిద్దలూరు నుంచి ఆటోలో వచ్చి, పాపం, ఎదురుగా కూర్చున్నాడు గానీ ఆమె మొహంలోకి చూడలేకపోతున్నాడు.

“అది కాదు నాయనా నేనడిగేది. కూడికకు ఎందుకు రాలేదని ఎవరడిగినారు నిన్ను? ఆ బొమ్మల కథలో పిల్లగాడు ఏమైనాడు, అది చెప్పు.”

“ఏ పిల్లగాడు పెద్దమ్మా?”

“ఏమీ ఎరగనట్టు మాట్లాడబాక. నీ ఫోన్లో ఇద్దరూ తలకాయలు ఆనిచ్చి చదివేటోళ్ళు కదా, వారం వారం. కత్తులు పట్టుకున్న మొనగాళ్ళ ఎనకాల మూటలు మోసే పిల్లగాడు. బక్కోడు. భూమి కింద గుహల్లోకి పోతారే, రాక్షసులుంటారే.”

“ఆ... అదా.”

“నేను పొయ్యికాడ కూచుంటే క్రాంతి చెప్పేటోడు. మొనగాళ్ళంతా పైకి ఉరికొచ్చి, వీణ్ణి లోపలే వదిలేసి తలుపు మూసినారంట. మిగతాది వచ్చే వారం చెప్తాలే అమ్మా అన్నాడు. తెల్లారి గనికి పోయినాడు.”

“ఇప్పుడవన్నీ ఎందుకు పెద్దమ్మా...”

“నాకు కావల్ల. కన్ను మూస్తే అదే. ఆ పిల్లగాడు చీకట్లో కూచోనుండాడు, పిలస్తావుండాడు, ఎవురూ పలకరు. బయటికొచ్చినాడా, లేదా?”

“వచ్చినాడు.”

“నిజంగానా?”

“వచ్చినాడు పెద్దమ్మా. మొన్ననే చదివినా.”

“ఎవరన్నా పోయినారా వాడి కోసం?”

“ఎవరూ పోలేదు. ఒక్కడే. చిన్న సందుంటే... చేతుల్తో తవ్వుకుంటా, తవ్వుకుంటా వచ్చినాడు.”

“దెబ్బలు తగిలినాయా?”

“లేదు. అంటే, కొంచెం. మోచేతికాడ.”

“తలకి?”

“తలకేం కాలేదు.”

“తలకేం కాలేదా.”

“ఏం కాలేదు. ఏడవబాక పెద్దమ్మా.”

“నేను ఏడవట్లా, నువ్వే ఏడస్తావుండావు. చెప్పు. బయట ఎవురుండారు?”

“బయటా... బయట వాళ్ళమ్మ ఉంది.”

“వాళ్ళమ్మా?”

“ఆ. అంతసేపూ ఆ తలుపుకాన్నే కూచోనుంది. ఇంటికి పోదాం రమ్మని అందరూ పిల్చినా కదల్లేదు. వాడు రాంగానే, కొంగుతో మొహమంతా తుడిచి... ఇంటికి తీసకపోయింది.”

“తీసకపోయిందా.”

“తీసకపోయింది.”

“తరుణూ.”

“ఆ, పెద్దమ్మా.”

“ఆ పిల్లగాడికి తల్లి లేదు నాయనా. క్రాంతి మొదటి దినమే చెప్పినాడు. ఎవరూ లేనోడు కాబట్టే అందరూ వాణ్ణి లోపలికి తోస్తారని.”

“పెద్దమ్మా, నేను...”

“ఏం కాదులే. నువ్వు చెప్పు. ఇంటికి తీసకపోయి, ఏం పెట్టింది వాడికి?”