అద్దాలగదిలో ఇశ్వకర్మ పూజ

అయ్యయ్యో, ఆ పెట్టెనెందుకు ఇప్పేత్తన్నారు జానకిరామ్ బాబూ? అది మీరు బాగుసెయ్యడానికొచ్చినారని నాకూ తెలుసు. కూకోండి ముందు. చాయ్ తెత్తాను. వద్దా? సరే, వద్దులెండి.

నానేటి సెప్పొచ్చీది? గది తుడిసీదాన్ని, నీళ్లందించీదాన్ని. అయినా మూడు నెల్ల నుంచీ ఈ కంపూటరుకి కాపలా ఈ సింహాచలమ్మే గదండీ! సెప్పులిప్పి లోపలికి రావాల. దుమ్ము పడకూడదు. మా భుయ్యాడీహ్ బస్తీలో మనుషులు ఉక్కకి సత్తంటే దీనికి ఏసీ! మా అత్తకైనా నానిన్ని సేవలు సెయ్యనేదు.

పదకొండింటికి కరెంటు ఠపీమని పోనాది. అరగంటకి వచ్చీసింది. లైట్లెలిగినాయి, ఫ్యాన్లు తిరిగినాయి, ఇదొక్కతే మొండికేసింది. నల్ల మొకం మీద రెండు ముక్కలు ఇంగిలీసు. దీని మీద పనిసేసే పిల్ల రుక్మిణమ్మ నొక్కతాది, అయ్యే ముక్కలు. మళ్లీ నొక్కతాది, మళ్లీ అయ్యే. లోపల గరగరమంటాది, అంతే.

మా ఆఫీసు పెద్ద, బడాబాబు, ఆ పిల్లని తిట్టడం మొదలెట్టీసినాడు. "పహలే బంద్ క్యోఁ నహీఁ కియా?" అంటాడు, ముందే ఎందుకాపనేదని. కరెంటు కబురెట్టి పోతాదేటండీ? రేపట్నించి రావద్దనీసినాడు. అదిగో, బయట బెంచీ మీద ఏడుత్తంది సూడండి. ఏటవతల మాంగో పేట నుంచి బస్సులో నిలబడి వత్తాది. తండ్రి నేడు, ఇంటికంతా ఆ పిల్లే దిక్కు.

ఏటీ? కరెంటు వల్ల కాదంటారా? గట్టిగా అనండి, బడాబాబుకి ఇనపడాల!

మరి దేనివల్లంటారు? ఆ పల్చటి నల్ల పలకా, ఫ్లాపీ అంటారే, అదా? అవునండి, రుక్మిణమ్మ పొద్దున్న దాన్ని లోపలెట్టే కంపూటర్ని లేపింది. లేపీసి, తీసి బల్ల మీదెట్టింది. కరెంటు పోతే మళ్లీ దాంతోనే లేపాలంట గదా... నాకేటి తెలుసు?

అలా సూడకండి బాబూ.

సెప్తాను. ఇవాళ ఇశ్వకర్మ పూజ గదండీ. మన టాటానగర్‌లో సుత్తి నుంచి క్రేను దాకా బొట్టెట్టకుండా వదిలేత్తారేటి? సైకిలు పంపుకి కూడా ఎడతారు! నాను కంపూటరుకి ఎట్టబోతే రుక్మిణమ్మ "దాన్ని ముట్టుకోకు పిన్నీ, పని నడుత్తంది" అనీసింది. పెసాదానికని బయటికెళ్లింది. పండగ పూట దీన్నొక్కదాన్నీ బోసిమొకంతో ఉంచేత్తానేటి? బల్ల మీద ఆ పలక కనపడింది. దాని మీద కోలగా ఓ కంత, అందులోంచి లోపలిది నిగనిగలాడతంది. అదే నుదురనుకున్నాను.

పసుపు తడిపి రాసినాను. కుంకం అద్దినాను. రెండేపులా.

కరెంటొచ్చినాక పలకేదీ, పలకేదీ అని ఆ పిల్ల ఎతుకుతంటే, కొంగుతో గట్టిగా తుడిసీసి అందించినాను. ఆ పిల్లకేటీ తెల్దు. ఆ పిల్ల ఏడుత్తంటే సూత్తా నోరు మూసుకున్నాను సూడండి, అదీ నా పాపం.

బడాబాబుకి నా పేరే సెప్పండి. మానిపించేత్తే మానిపించనీండి. కాసిడీహ్‌లో నాలుగిళ్లలో గిన్నెలు తోముకుంటాను. ఆ పిల్లని మాత్రం లోపలికి పిలిపించండి.

ఏటి, నవ్వుతన్నారా? ఇలాటియే ఇంకో పది బీరువాలో ఉన్నాయా? ఒకటి తీసి ఎడితే సాలా? ఎవుళ్లకీ సెప్పక్కర్నేదా?

బాబూ... ఆ బీరువా తియ్యకండి. పండగ పూట ఒకరికి బొట్టెట్టి ఒకరికెట్టకపోతే ఏం బాగుంటాది, మీరే సెప్పండి!