కత్తెర పట్టిన చెయ్యి

చెల్లెలు పెళ్లి గౌను వేసుకుని కుట్టుగదిలో నిలబడింది. అక్క మనసుపడ్డ మనిషినే ఆమె చేసుకుంటోంది. ఆ గౌను కుడుతున్నది అక్కే. చేతిలో కత్తెర ఉంది.

“నిన్ను చూస్తే ఒళ్లు మండిపోతోందే. దీన్ని నిలువునా చీరేస్తే?”

“చీరెయ్యక్కా. చెయ్యి నీది.”

“నాదేంటి? చీరేస్తానో లేదో దేవుడికి ముందే తెలుసుగా! ఇక తప్పు నాదెలా అవుతుంది?”

“ఆయనకి ముందూ వెనకా ఏముంది? రేపటినీ ఇవాళ్టిలాగే చూస్తాడు. ఇప్పుడు నిన్ను నేను చూస్తున్నా. అంతమాత్రాన నీ చెయ్యి నేను కదిలించినట్టా?”

“అయితే నేనేం చేస్తానో చూసేసే ఉంటాడు.”

“ఉంటాడు. నాకే తెలీదు. అందుకే నీ చేతినే చూస్తున్నా.”

అక్క కుళ్లు ఏమాత్రం తగ్గలేదు. అయినా కత్తెర పక్కన పెట్టి గుండుసూది అందుకుంది.

“కదలకు. నడుం దగ్గర వదులుగా ఉంది.”