ముప్పై ఎనిమిది తలుపులు తట్టిన పర్యవేక్షణాధికారిణి

1994 జులై 18వ తేదీ, సోమవారం ఉదయం, ఎదుగుదల లోపాలున్న మూడేళ్ళలోపు పిల్లలకు చికిత్స అందించే బాల్య తొలి సహాయ కేంద్రంలో ఫిజియోథెరపిస్టుగా విధుల్లో చేరిన నాటి నుండి నేటి పదవీ విరమణ వరకు మన పర్యవేక్షణాధికారిణి గారు నిర్వహించిన బాధ్యతలను స్మరించుకోవడం మన శాఖ పత్రిక ఈ సంచిక కర్తవ్యం. అయితే ఆమె సేవలను కీర్తించి ఊరుకుంటే, ఆమె ఎవరితో పోరాడవలసి వచ్చిందో దాచినవారమవుతాము. ఆమె పోరాడింది మనతోనే.

తొలి తొమ్మిదేళ్ళు ఆమె మెడ నిలవని పసికందులను ఒళ్ళో పెట్టుకుని, వారి లేత వెన్నుకు బలమిచ్చే పనిలో గడిపారు. ఎనిమిదో నెలలోనే డాక్టరు చీటీ రాసిచ్చిన బిడ్డ నాలుగో ఏట కేంద్రానికి రావడం ఆమె ఎన్నోసార్లు చూశారు. ఇన్నాళ్ళూ ఏం చేశారని తల్లులను అడిగితే, మీరు కబురు చేస్తారని కూర్చున్నామనేవారు. ఆ జవాబు ఆమెకు కంటిలో నలుసైంది. అందుకే శాఖాపరమైన పరీక్ష రాసి, 2003లో పర్యవేక్షణ విభాగానికి వచ్చారు.

అప్పట్లో తనిఖీ అంటే రిజిస్టరు తిప్పడం, టీ తాగడం, సంతకం పెట్టడం. దరఖాస్తు అందిన నలభై ఐదు రోజుల్లో బిడ్డను పరీక్షించి సేవలు మొదలుపెట్టాలన్నది నిబంధన. అది ప్రతి కేంద్రంలోనూ నూటికి నూరుపాళ్ళు అమలవుతున్నట్టే నివేదికలు వచ్చేవి. ఒక కేంద్రంలో మాత్రం ముప్పై ఎనిమిది పేర్ల ఎదుట ఒకే వాక్యం, ఒకే చేతిరాతలో, ఒకే సిరాతో కనిపించింది: ‘కుటుంబం నిరాకరించినది.’ ఆమె టీ కప్పు పక్కన పెట్టి, ఆ జాబితా రాసుకుని వీధిలోకి నడిచారు.

నాలుగో రోజున ఆమె ఎక్కిన మెట్లు ఒక టైలరు ఇంటివి. రెండేళ్ళ ఏడు నెలల పాప చిన్న కుర్చీలో కూర్చుని ఉంది. వాలిపోకుండా నడుముకూ ఛాతీకీ మెత్తటి గుడ్డపట్టీ ఉంది.

“ఈ పట్టీ ఎవరు కుట్టమన్నారు?”

“ఎవరు చెప్తారండీ? పక్కకి పడిపోతుంటే చూడలేక నేనే కుట్టాను,” అన్నాడు తండ్రి.

“సేవలు వద్దని మీరన్నట్టు రాసుంది.”

మిషను మీది చెయ్యి ఆగిపోయింది. “మేమా? ఏడాది నుంచీ ఫోన్లు చేస్తున్నాం. రేపంటారు, ఎల్లుండంటారు. పిల్ల నడుస్తుందంటే ఎవరైనా వద్దంటారా అండీ?”

గుమ్మంలో నిలబడ్డ నాయనమ్మ ఉన్నమాట అనేసింది. “మూడేళ్ళు నిండితే ఇక మీ ఆఫీసు పని కాదంటగా అమ్మా. అందాకా నెట్టుకొస్తే సరిపోతుందనుకున్నారేమో!”

ఆమె తనిఖీ పత్రం మడిచి సంచిలో పెట్టి, చెప్పులు విడిచి నేలమీద కూర్చుని, పాపను ఎలా పట్టుకోవాలో, నడుము కింద చెయ్యి ఎక్కడ ఆనించాలో తండ్రికి గంటన్నరసేపు నేర్పారు. ఆ సందట్లో పాప ఆమె కళ్ళజోడు లాగేసి, ఒక కాడ విరగ్గొట్టింది. “చేతుల్లో బలం బాగానే ఉంది!” అని ఆమె నవ్వారు. మెట్లు దిగాక మాత్రం, విరిగిన కళ్ళజోడు చేత పట్టుకుని, గోడవైపు తిరిగి ఏడ్చారు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. పర్యవేక్షణాధికారులు చికిత్స చేయరాదట! చేయవలసినవారు ఏడాదిగా చేయనందుకు ఏ మెమో లేదు; ఒక్క పూట చేసినందుకు ఈమెకు వచ్చింది. మనలో కొందరు ఆమెకు ‘తలుపుల మేడమ్’ అని పేరు పెట్టి క్యాంటీనులో నవ్వుకున్నాము కూడా.

ముప్పై ఎనిమిది తలుపులూ తట్టేసరికి తేలిందేమిటంటే, నిజంగా వద్దన్నవారు ఐదుగురు. ఊరు మారినవారు ఇద్దరు. తక్కిన ముప్పై ఒక్క ఇళ్ళకు మన శాఖ నుండి ఒక్క మనిషీ వెళ్ళలేదు. అయినా, నిబంధన నూటికి నూరుపాళ్ళు అమలైందనే వార్షిక ధ్రువపత్రం సంతకానికి ఆమె బల్ల మీదికి వచ్చింది.

“ఒక్క సంతకమే కదా మేడమ్. పైవాళ్ళు అడుగుతున్నారు,” అన్నారు అప్పటి సంచాలకులు.

“ఆ ముప్పై ఒక్క ఇళ్ళకూ వెళ్ళి ఇదే మాట చెప్పి రండి సార్. అప్పుడు పెడతాను.”

సంచాలకులు వెళ్ళలేదు. ఆమెను రికార్డు గదికి బదిలీ చేశారు. కిటికీ లేని ఆ గదిలో మూడేళ్ళపాటు ఆమె పాత ఫైళ్ళు ఒక్కొక్కటే విప్పి చదివారు. ఏ సేవా అందకుండానే ‘వయఃపరిమితి దాటినందున’ మూసివేసిన ఫైళ్ళు నాలుగు వందల పన్నెండు దొరికాయి. ప్రతి ఫైలుకూ తేదీలు రాసి, ఉన్నత విచారణ సంఘానికి పంపారు. సంఘం పిలిచింది, విన్నది, సంచాలకులను తొలగించింది. ఇంటికి వెళ్ళి, తల్లిదండ్రుల చేత స్వయంగా సంతకం పెట్టించుకోనిదే నిరాకరణ చెల్లదన్న నిబంధన అలా వచ్చింది. ఆమె తిరిగివచ్చి, గత పదకొండేళ్ళుగా ఈ విభాగానికి అధిపతిగా దానిని అక్షరాలా అమలు చేశారు.

అయితే ఆ నాలుగు వందల పన్నెండు మంది బాల్యాన్ని ఏ సంఘమూ తిరిగి ఇవ్వలేదు. టైలరు గారి పాప ఆరో ఏట చేతికర్రల ఊతంతో నడిచింది. “ఇంకాస్త ముందు వచ్చుంటే బాగుండేదండీ,” అని తండ్రి మామూలుగానే అన్నాడట. ఆ మాట ఆమె ఇప్పటికీ ఆగ్రహంతోనే చెబుతారు. ఆ మూసిన ఫైళ్ళ మీది సంతకాల్లో ఈ సంచిక చదువుతున్న మనలో కొందరివి ఉన్నాయి. శాలువాతో అవి చెరిగిపోవు.

లెక్కలేనన్ని మెట్లెక్కి అరిగిన ఆమె మోకాళ్ళకు ఇకనైనా హాయి కలగాలని, భర్తా బిడ్డల నడుమ సంపూర్ణ ఆరోగ్యంతో, తనివితీరా నవ్వుతూ నిండు నూరేళ్ళు జీవించాలని సహోద్యోగులందరి పక్షాన కోరుకుంటున్నాము. ఆమెకు విశ్రాంతి దక్కాలి. ఎదురుచూస్తున్న చివరి బిడ్డ ఇంటికి మనం చేరేదాకా, మనకు మాత్రం అది దక్కకూడదు.