మోచేతి ఎత్తు

బట్టల ఫ్యాక్టరీలో కొత్త బల్లలు వేసిన మొదటి రోజే, బట్ట కత్తిరించే ఆవిడ కుడి భుజం పట్టుకుని విసవిసా ఇంజినీరు దగ్గరికొచ్చింది.

“సార్, ఈ బల్లలు ఎవరికోసం చేయించారు, తాడిచెట్లకా? నాకు చంకల దాకా వస్తున్నాయి!”

“మీకోసమేనమ్మా. ముప్పైమందికీ నేల నుంచి మోచేతి దాకా కొలిచి మరీ చేయించాను.”

“కొలిచారు, కాదనను. అప్పుడు మా కాళ్ల కింద ఏముందో చూశారా?”

“ఏముంటుంది? నేలే కదా!”

“చెక్కపీట సార్! పాత బల్లలు అందక పదేళ్లుగా పీటలెక్కే కత్తిరిస్తున్నాం. గుడ్డపీలికల కుప్పలో అవి మీకు కనబడలేదు. కాస్త వంగి చూస్తేగా! మమ్మల్ని పీటల మీద ఉంచే కొలిచారు. ఇప్పుడేమో కాళ్లకడ్డమని ఆ పీటలూ తీయించేశారు!”

ఇంజినీరు చేతిలో కాగితాలు అటూ ఇటూ తిరగేశాడు.

“మరి ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా?”

ఆ మాటతో ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

“చెప్పబోయాను సార్. ‘మాట్లాడకమ్మా, కదిలితే కొలత తప్పుతుంది’ అని నా నోరు మూయించింది మీరే!”