మోటబావిలో పెద్దోడు

ఎర్రదిన్నె మోటబావి కథ నా అంత బాగా చెప్పేవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఈ మాట నేనే ఎందుకంటానంటే, నన్ను పొగిడే శ్రమ మీకు తప్పించాలని. అదీ ఒక పరోపకారమే. ఆ బావి దగ్గరికి పొద్దువాలాక గొడ్లు కూడా పోవు, ఇంక మనుషుల సంగతి చెప్పాలా?

ఆ బావీ, దాని కింద చేనూ లచ్చయ్యవి. మొగుడు పోయిన రవణమ్మని మారుమనువు చేసుకున్నాడు, ఆమె చంకలో పిల్లాడితో వచ్చింది, ఆ పిల్లాడే పేరయ్య. ఆ తర్వాత వీళ్ళకి ఇంకో ఇద్దరు కొడుకులు పుట్టారు, వాళ్ళలో ముందువాడు హనుమంతు. అయినా లచ్చయ్య "పెద్దోడా" అని కేకేస్తే పలికేది పేరయ్యే. కన్నతండ్రి మొహం ఎరగనివాడికి ఆ పిలుపే ఇంటిపేరు.

కాగితం రాయించు మావా అని రవణమ్మ పోరితే, రాస్తే చావు తొందరపడుతుందే అనేవాడు లచ్చయ్య. రాయకపోతే ఆగిందా అది? వడదెబ్బకి మంచం పట్టి, పదిమందీ వింటుండగా "బావిచేను పెద్దోడిది" అని కళ్ళు మూశాడు.

దినాలు కాగానే పెద్దమనుషులు కూర్చుని, పెద్దోడంటే లచ్చయ్య కన్నవాళ్ళలో పెద్దోడేనని తేల్చారు. వీలునామా లేనప్పుడు తల్లి వెంట వచ్చినవాడికి వాటా ఎక్కడిదన్నారు. అందరూ రవణమ్మ వైపు చూస్తే, ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"చేను నువ్వే దున్నుకోరా తమ్ముడా, ఆ పిలుపొక్కటి నాకుంచు," అన్నాడు పేరయ్య.

"ఎంత తెలివన్నా నీది! పిలుపిస్తే చేనిచ్చినట్టే గదా," అన్నాడు హనుమంతు.

అప్పట్నించి ఊరంతా హనుమంతునే పెద్దోడంది. పేరయ్య అదే చేలో కూలికి పోతూ, ఎవరు "పెద్దోడా" అన్నా అలవాటుగా తలెత్తి, మళ్ళీ దించుకునేవాడు.

ఒక మునిమాపు ఇద్దరూ మిరపకి నీళ్ళు కడుతుంటే, బావిలోంచి లచ్చయ్య గొంతు "పెద్దోడా!" అంది. హనుమంతు "వస్తన్నా నాయనా" అన్నాడు. "నువ్వు కాదురా" అంది ఆ గొంతు. మాపటేళ బావి పిలిస్తే పలకకూడదని పేరయ్యకి తల్లి చిన్నప్పుడే చెప్పింది. ఆ మాట గుర్తులేదా అతనికి? ఉంది. అయినా ఇన్నాళ్ళకి తనని అలా పిలిచింది ఆ ఒక్కరే గదా. "ఆఁ నాయనా" అని బావి మెట్లు దిగాడు, దిగినవాడు మళ్ళీ ఎక్కి రాలేదు. గాలాలేసి వెతికినా మనిషి దొరకలేదు.

హనుమంతు చేను బీడు పెట్టాడు. పొద్దువాలితే అక్కడ ఇప్పటికీ ఒక గొంతు పిలుస్తుంది, ఒక గొంతు పలుకుతుంది. మీరు అటు పోమాకండి. తండ్రీకొడుకులు మాట్లాడుకునే చోట మనకేం పని?

ముగ్గుర్నీ కన్నతల్లికి పెద్దోడెవరో తెలియక కాదు. ఆ రోజు ఆమె ఎందుకు నోరు విప్పలేదో, అది మాత్రం నాకింకా తెలియలేదు.